నీళ్లలో మొసలిని పట్టినవాడు

ఇంకా తెల్లవారలేదు. నీటి మీద మంచు దట్టంగా కమ్ముకుంది. కిక్కిస పొదల మాటున దోనెలు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. ఒక్కో దోనెలో నలుగురైదుగురు సైనికులు మోకాళ్లు మడుచుకుని, డాళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వాళ్లలో చాలామందికి ఈత రాదు. రాళ్లగుట్టల సీమ నుంచి వచ్చినవాళ్లు. వర్షాకాలంలో వాగు పొంగితే గట్టున నిలబడి తగ్గేదాకా చూడటం తెలుసు గాని, అవతలి ఒడ్డు కనపడని నీటి మీద యుద్ధానికి కూర్చోవడం తెలియదు.

ముందు దోనెలో తల నెరిసిన ఒక మనిషి నిలబడబోయాడు. వెనక గెడ పట్టుకున్న జాలరి భయం మరచి అరిచినంత పని చేశాడు.

"లేవకండి దొరా! దోనె మన మాట వినదు. మన బరువు మాటే వింటుంది."

ఆ మనిషి మారు మాట్లాడలేదు. మెల్లగా కూర్చున్నాడు. దూరంగా, నీటి నడుమ మట్టిదిబ్బ మీద ఒక దివిటీ వెలుగుతోంది. వేంగి రాజు భీముడు ఉన్నది అక్కడే.

"ఇటు తిప్పు," అన్నాడు ఆయన. "వెలుగు వైపు వద్దు. వాళ్లు పారిపోయే దారి వైపు."

కిక్కిస పొదలు, దివిటీ, జాలరి మాట నా ఊహ. ఆ తల నెరిసిన మనిషి మాత్రం ఊహ కాదు. ఆయన వేములవాడ చాళుక్యుల రాజు బద్దెగుడు. ఆయన భీముడనే రాజును నీళ్లలో పట్టుకున్న మాటా ఊహ కాదు. అది ఆ వంశం తరతరాలు చెప్పుకున్న గెలుపు. మహాకవి పంపడు దాన్ని కావ్యంలోకి ఎక్కించాడు. నీళ్లలో మొసలిని పట్టినట్టు భీముణ్ణి పట్టాడని పోల్చాడు. బద్దెగుడు 42 యుద్ధాలు గెలిచాడని ప్రతీతి. 'సోలదగండ' అనే బిరుదు ఆయనది, ఓటమి ఎరుగని వీరుడని. అన్ని యుద్ధాల్లోనూ కథగా మిగిలింది మాత్రం నీళ్లలో జరిగిన ఈ ఒక్కటే.

సముద్రం మొహం చూడని ఊరికి నీటి యుద్ధ విజేత ఎక్కడి నుంచి వచ్చాడన్నదే ఈ గాథ.

*

వేములవాడ అనగానే మనకు రాజన్న గుర్తొస్తాడు. ధర్మగుండంలో స్నానం, కోడె మొక్కు, శివరాత్రి జాతర గుర్తొస్తాయి. పదకొండు వందల ఏళ్ల కిందట ఇది రాజధాని అన్న సంగతి ఎంతమందికి గుర్తుంటుంది? అప్పట్లో దీన్ని లేంబులవాడ అనేవారు. ఈ చాళుక్యులు మొదట బోధన్ నుంచి ఏలారు. ఆనాటి దాని పేరు పోదన. తర్వాత వేములవాడకు మారారు. వాళ్లు స్వతంత్ర చక్రవర్తులు కారు. మాన్యఖేటం నుంచి దక్కనంతా ఏలిన రాష్ట్రకూటులకు సామంతులు. యుద్ధం వస్తే వీళ్లకు కబురందేది.

వీళ్ల గర్వమంతా ఏనుగుల మీద. ఈ వంశానికి ఆద్యుడైన యుద్ధమల్లుడు పోదనలో బావుల నిండా నూనె నింపించి ఏనుగులకు స్నానం చేయించేవాడని ఎన్నో తరాల తర్వాత కూడా చెప్పుకున్నారు. అంత బలగం నేల మీదిది. గుట్టలు, అడవులు, చెరువు గట్ల మధ్య నడవడానికి అలవాటుపడ్డ సైన్యం అది. నావలు, నావికులు ఉన్నట్టు వీళ్ల శాసనాల్లో నాకెక్కడా కనిపించలేదు.

భీముడి సంగతి వేరు. వేంగి అంటే గోదావరి, కృష్ణల నడిమి దేశం. నదులు, పాయలు, ఆ మధ్యలో కొల్లేరు. ఆ దేశానికి నీళ్లే కోట. ఏడో శతాబ్దిలో బాదామి చాళుక్యుడు రెండో పులకేశి ఈ ప్రాంతాన్ని గెలిచినప్పుడు కొల్లేటి నీళ్లు నెత్తురుతో ఎర్రబడ్డాయని క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనం వర్ణించింది. తర్వాతి కాలంలో కొలని రాజులు ఆ సరస్సునే నమ్ముకుని, సరసీపురం కోట నుంచి పెద్ద పెద్ద సైన్యాలను ఎదిరించారు. వేంగిని ఏలేవాడికి కష్టం వస్తే నీళ్లలోకి జరుగుతాడు. వెంటపడ్డవాడి గుర్రాలు, ఏనుగులు ఒడ్డునే ఆగిపోతాయి. భీముడు చేసింది కూడా అదేనని నా నమ్మకం. బద్దెగుడు ఏ నీళ్లలో పట్టుకున్నాడో కవి పేరు పెట్టి చెప్పలేదు. నేను కొల్లేటిని ఎంచుకున్నది ఈ చరిత్ర చూసి.

*

ఇంత దూరం వచ్చి పట్టుకోవాల్సినంత పగ ఏమిటి? దాని మొదలు భీముడిలో లేదు. ఆయన పెదతండ్రి గుణగ విజయాదిత్యుడిలో ఉంది.

849 నుంచి 892 దాకా వేంగిని ఏలిన గుణగ విజయాదిత్యుడు రాష్ట్రకూటులను వాళ్ల ఇంట్లోకే వెళ్లి కొట్టినవాడు. అద్దంకి శాసనంలోని తరువోజ పద్యం మనం బళ్లో చదువుకున్నాం. ఆ పద్యంలో కీర్తించిన పండరంగడు ఆయన సేనాపతే. వేంగి సైన్యం ఉత్తరాన కిరణపురం, అచలపురం దాకా వెళ్లి తగలబెట్టింది. రాష్ట్రకూట రెండో కృష్ణుడు నిస్సహాయంగా చూడాల్సి వచ్చింది. చక్రవర్తికి అంతకు మించిన అవమానం ఇంకోటి ఉండదు.

892లో గుణగుడు పోయాడు. తమ్ముడి కొడుకు భీముడు సింహాసనం ఎక్కాడు. వెంటనే ఇంట్లోనే పేచీ మొదలైంది. పినతండ్రి యుద్ధమల్లుడు రాజ్యం నాదన్నాడు. మాన్యఖేటం ఎదురుచూస్తున్న గడియ ఇదే. కృష్ణుడి సేనలు వేంగి మీద పడ్డాయి. పొద్దు గుంకాక చీకటి కమ్ముకున్నట్టు రట్టల, అంటే రాష్ట్రకూటుల సైన్యం దేశాన్ని కమ్మేసిందని వేంగి శాసనాలే రాసుకున్నాయి. సూర్యుడంటే గుణగుడు. ఆయన పోయాక వచ్చిన చీకటి అది. శత్రువు గెలుపును ఇంత అందంగా, ఇంత బాధగా ఒప్పుకున్న మాట మరో శాసనంలో నాకు కనిపించలేదు.

ఆ చీకట్లో వేములవాడ సేన కూడా ఉంది. చరిత్రకారులు బద్దెగుడి పాలనను 850 నుంచి 895 వరకు లెక్కగడతారు. ఆ లెక్కన అప్పటికాయన నలభయ్యేళ్లుగా రాజ్యం చేస్తున్నాడు. అరవై దాటి ఉండాలి. మనుమడు పుట్టి ఉండవచ్చు. ఆ వయసులో ఇంటి నుంచి వందల మైళ్లు దాటి వచ్చి, తనకు తెలియని నీళ్లలో దిగాడు.

పంపడు చెప్పిన భీముడు వేంగి చాళుక్య భీముడు కాదేమోనని అనుమానించినవాళ్లూ ఉన్నారు. ఎక్కువమంది పండితులు ఆయనేనని ఒప్పుకున్నారు. ఈ గాథ కూడా ఆ తీర్పు మీదే నడుస్తుంది.

*

మళ్లీ దోనెల దగ్గరికి వెళ్దాం.

నావలు లేని సైన్యం నీటి యుద్ధం ఎలా గెలుస్తుంది? దారి ఒక్కటే. ఆ నీళ్లు తెలిసినవాళ్లను తెచ్చుకోవాలి. ఏ కాలువ ఎటు పోతుందో, ఎక్కడ గెడకు నేల అందుతుందో, ఎక్కడ బురద మనిషిని మింగుతుందో జాలరికి తెలుస్తుంది గాని సేనాపతికి తెలియదు. డబ్బిచ్చో, భయపెట్టో వాళ్లను తెచ్చి ఉంటారు. ఒడ్డు పొడుగునా కాపలా పెట్టి ధాన్యం రాకుండా ఆపి ఉంటారు. నీటిలో ఉన్నవాడికి తాగడానికి కొదవ ఉండదు. తిండికే కొరత. రోజులు గడిచే కొద్దీ ఆ దిబ్బ మీద ఆకలి పెరిగి ఉంటుంది.

చివరి రాత్రి ఇలా ఊహించుకుంటాను. దాడి వెలుగు వైపు జరగలేదు. దివిటీకి ఎదురుగా కొన్ని దోనెల్లో డప్పులు, కేకలు పెట్టించారు. గుంపంతా అటే ఉందనిపించారు. బద్దెగుడు మాత్రం వెనక కాలువ నోట్లో కాపేశాడు. తెల్లవారే వేళకు ఒక పొడవాటి నావ చప్పుడు లేకుండా అటే వచ్చింది. మంచు పలచబడుతోంది. గూడబాతుల గుంపు ఒక్కసారి లేచింది. నావలోని వాళ్లకు తెలిసిపోయింది.

ఆ తర్వాత క్షణాల పనే. దోనెలు నావకు తగిలాయి. కత్తులు తగిలాయి. నీళ్లలో పడ్డవాళ్లలో ఈత రాని వేములవాడ పిల్లలు కొందరు మళ్లీ పైకి రాలేదు. వాళ్ల పేర్లు ఏ రాయి మీదా లేవు. నడుము లోతు బురదనీళ్లలో ఇద్దరు రాజులు ఎదురుపడ్డారు. ఒకరు నలభయ్యేళ్ల రాజ్యం మోస్తున్న పెద్దాయన. ఇంకొకరు కిరీటం ఇంకా తలకు అలవాటు కాని కొత్త రాజు. ఇద్దరూ చాళుక్యులే.

భీముడు చావలేదు. పట్టుబడ్డాడు.

మొసలి నేల మీద ఉంటే దాన్ని కర్రలతోనైనా కొట్టవచ్చు. నీళ్లలో ఉంటే ఏనుగు కాలినీ వదలదు. గజేంద్రుడి కథ తెలియని తెలుగువాడు లేడు. పంపడి పోలిక పదును అక్కడ ఉంది. భీముణ్ణి ఆయన బలమున్న చోటే, ఆయన కోట అనుకున్న నీళ్లలోనే పట్టుకున్నాడు. మిగతా యుద్ధాలు నేల మీద గెలిచాడు. నేల మీద గెలవడం ఆ వంశానికి ముందే వచ్చు. రాని చోట గెలిచాడు గనుకనే ఇది నిలిచింది.

*

ఈ గెలుపు నేల మీద ఎన్నాళ్లు నిలిచింది? ఎన్నాళ్లో నిలవలేదు. ఇది మనం తప్పకుండా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

భీముడు తిరిగి వచ్చాడు. ఖమ్మం సీమలోని ముదిగొండ చాళుక్యుడు కుసుమాయుధుడు ఆయనకు అండగా నిలిచి మళ్లీ సింహాసనం మీద కూర్చోబెట్టాడని ఆ వంశం చెప్పుకుంది. ఆ తర్వాత రాష్ట్రకూట సేనలు మళ్లీ వచ్చాయి. నిరవద్యపురం దగ్గర, పెరువంగూరు దగ్గర భీముడు వాటిని ఓడించాడు. నిరవద్యపురమంటే నేటి నిడదవోలు. పెరువంగూరులో ఆయన కొడుకు ఇరిమర్తిగండడు పదహారేళ్ల వయసులో శత్రు సేనాపతి గుండయను చంపి తానూ పడిపోయాడు. గెలుపు వార్త, కొడుకు శవం ఒకేసారి అందుకున్న తండ్రి భీముడు. ఇంకా చాలా ఏళ్లు ఏలాడు. ముప్ఫై ఏళ్ల పాలన ఆయనది. 360 యుద్ధాలు చేశాడని, తన పేర శివాలయం కట్టించాడని తర్వాతి శాసనాలు చెప్పాయి. సామర్లకోట చాళుక్య భీమవరంలోని ఆలయం ఆయన పేరుతోనే ఉంది.

వేంగి వాళ్ల శాసనాలు రట్టల చీకటిని తలుస్తాయి. ఆ చీకటిని చీల్చిన భీముణ్ణి పొగుడుతాయి. బద్దెగుడి పేరు మాత్రం ఎత్తవు. ఓడినవాడు తన ఓటమిని రాయించుకోడు కదా.

రాజ్యాల లెక్కలో చూస్తే బద్దెగుడు తెచ్చింది కొన్నాళ్ల విజయం. ఆయన పేరు మీద అది చేసిన పని మాత్రం చాలా పెద్దది.

*

941వ సంవత్సరం. బద్దెగుడి మునిమనుమడు రెండో అరికేసరి కొలువు. సభలో పంపడు కూర్చున్నాడు. వయసు నలభైకి దగ్గర. ఆ ఏడే రాసిన 'విక్రమార్జున విజయం' కన్నడంలో భారత కథ. అరికేసరినే అర్జునుడిగా నిలిపి రాసిన కావ్యం. కథలోకి వెళ్లే ముందు కవి రాజుగారి వంశాన్ని వర్ణిస్తాడు.

ఆ రోజు సభ ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. నీటి యుద్ధం జరిగి అప్పటికి యాభై ఏళ్లు. అందులో పాల్గొన్నవాళ్లు ఎవరో ఒకరిద్దరు మిగిలి ఉండవచ్చు, వయసు మీదపడి. కవి నోట బద్దెగుడి పేరు వచ్చింది. తర్వాత మొసలి వచ్చింది. ఒక్క పోలికతో నలభై రెండు యుద్ధాల మనిషి ఒకే దృశ్యంగా మారిపోయాడు. ఆ తర్వాత ఆయన్ను ఎవరు తలచినా నీళ్లతోనే తలిచారు.

ఇందులో నన్ను కదిలించే సంగతి ఒకటుంది. పంపడి పూర్వీకులది వేంగి దేశమే. కమ్మనాటి వేంగిపర్రు వాళ్ల ఊరు. తండ్రి పేరు భీమపయ్య. వేంగి నుంచి తరలివచ్చిన కుటుంబంలోని కవి, వేంగి రాజు పట్టుబడిన కథను వేములవాడ కొలువులో కావ్యం చేశాడు. కవి ఎవరి ఉప్పు తింటే వాళ్ల గెలుపు పాడతాడని తేలిగ్గా తీసెయ్యడం నాకు ఇష్టం లేదు. ఆ పోలికలో భీముడికి కూడా గౌరవం ఉంది. మొసలితో పోల్చాడంటే ఆయన బలాన్ని ఒప్పుకున్నట్టే. బలహీనుణ్ణి పట్టుకుంటే కీర్తి రాదని వేంగి మూలాలున్న ఆ కవికి బాగా తెలుసు.

పంపడి తమ్ముడు జినవల్లభుడు వేములవాడకు దగ్గర్లోనే, గంగాధర మండలం కుర్క్యాల బొమ్మలగుట్ట మీద, సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో శాసనం చెక్కించాడు. అందులోని తెలుగు కంద పద్యాలు మన భాష ప్రాచీనతకు పెద్ద సాక్ష్యం. అన్నదమ్ములిద్దరి వివరాలు, వాళ్ల తండ్రి పేరు, సొంతూరు ఆ శాసనంలో ఉన్నాయి.

ఒక తాత గెలుపు తర్వాతి తరాల నడకను కూడా మారుస్తుంది. బద్దెగుడి మనుమడు రెండో నరసింహుడు రాష్ట్రకూట మూడో ఇంద్రుడి తరఫున ఉత్తరాదికి దండెత్తి, ప్రతీహార రాజు మహీపాలుణ్ణి తరిమి, గంగ నీళ్లలో తన గుర్రాలకు స్నానం చేయించాడని పంపడు రాశాడు. ఏనుగులతో మొదలైన వంశం కొన్ని తరాలకు నీళ్లతో తన పేరు చెప్పుకుంటోంది. ఇది కేవలం కాకతాళీయం అనుకోలేను.

966లో మూడో అరికేసరి వేయించిన పర్భణి తామ్రశాసనం కూడా ఈ వంశావళిని వరసగా చెప్పింది. ఆ తర్వాత ఈ వంశం మాట వినిపించదు. 973లో రాష్ట్రకూట రాజ్యమే కూలిపోయింది. పొగిడే కొలువు లేదు, రాయించే రాజు లేడు. బద్దెగుడి కీర్తి రాగిరేకుల్లో, కన్నడ కావ్యంలో మిగిలిపోయింది. తెలుగు నేల మీది జనం నోళ్లలోకి అది దిగలేదు.

*

బద్దెగుడు వేములవాడలో ఒక శివాలయం కట్టించాడు. తన పేరనే బద్దెగేశ్వరం అని పెట్టుకున్నాడు. ఆ గుడి ఇవాళ్టికీ ఉంది. రాజన్నను దర్శించుకున్న భక్తులు చాలామంది అక్కడికీ వెళ్తారు. ఇప్పుడు దాన్ని అందరూ పిలిచేది భీమేశ్వరాలయం అని.

భీముడన్నది శివుడి పేరే. పట్టుబడిన రాజుకూ ఈ పేరుకూ సంబంధం అంటగట్టడానికి నా దగ్గర ఆధారం లేదు, అంటగట్టను కూడా. వేములవాడలో భీముడంటే భీమకవిని తలుచుకునేవాళ్లూ ఉన్నారు. ఆయనది ఈ వేములవాడో, ద్రాక్షారామం పక్క వేములవాడో ఇంకా తేలనే లేదు. ఏమైనా, గెలిచినవాడి పేరు తన గుడి మీద నుంచే చెరిగిపోయిందన్నది కళ్లకు కనిపించే నిజం.

అస్సాంలో లచిత్ బర్‌ఫుకన్ 1671లో బ్రహ్మపుత్ర మీద శరాయిఘాట్ దగ్గర మొఘల్ నావలను ఓడించాడు. ఒక్క నీటి యుద్ధం. మూడున్నర శతాబ్దాల తర్వాత కూడా ప్రతి నవంబరు 24న అస్సాం ఆయన్ను తలుచుకుంటుంది. నేషనల్ డిఫెన్స్ అకాడమీలో ఉత్తమ క్యాడెట్‌కు ఇచ్చే బంగారు పతకం ఆయన పేరు మీద ఉంది. ఆ జనం తమ వీరుణ్ణి పాటల్లో, పాఠాల్లో, పండగల్లో పెట్టుకున్నారు. మనం మన బద్దెగుణ్ణి పండితుల పుస్తకాల్లో వదిలేశాం.

ఆయన ఎవరికో సామంతుడు, ఎవరి పగో తీర్చడానికి వెళ్లాడు, అటువైపు ఉన్నదీ తెలుగు రాజే కదా, ఎందుకు తలుచుకోవాలి అని అడిగేవాళ్లుంటారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. నా జవాబు ఇది. ఈ కథలో భీముణ్ణి తగ్గించాల్సిన పని లేదు. కొడుకును పోగొట్టుకుని దేశాన్ని నిలబెట్టుకున్న మనిషిని ఎవరు తగ్గించగలరు? ఇద్దరి కథా కలిపి చెబితేనే ఆ కాలపు తెలుగు నేల మొత్తం మన కళ్లముందు నిలుస్తుంది. వేములవాడ మూలవాగు నీళ్లు మానేరులో కలుస్తాయి, మానేరు మంథని వైపు వెళ్లి గోదావరిలో కలుస్తుంది, గోదావరి వేంగికి పోతుంది. ఈ రెండు రాజ్యాలూ తాగిన నీళ్లు ఒకటే.

వేములవాడ ఇప్పుడు రాజన్న పేరుతోనే ఉన్న జిల్లాలో ఉంది. ఏటా లక్షల మంది వస్తారు. భీమేశ్వరాలయం ముందు, అందరికీ కనపడే చోట, ఇది కట్టించిన రాజు పేరూ ఆయన కథా నాలుగు వాక్యాల్లో తెలుగులో రాయించాలి. దేవాదాయ శాఖకు గాని, పురావస్తు శాఖకు గాని ఇది పెద్ద ఖర్చు కాదు. జిల్లా బడుల్లోని పిల్లలను ఏడాదికి ఒకసారైనా ఈ గుడికీ, కుర్క్యాల బొమ్మలగుట్టకూ తీసుకువెళ్లాలి. ఈసారి మీరు కోడె మొక్కు చెల్లించుకోవడానికి వేములవాడ వెళ్తే, భీమేశ్వరాలయం దగ్గర కాసేపు ఆగి, మీ వెంట ఉన్న పిల్లలకు బద్దెగుడి పేరు చెప్పండి.